స్టిక్కర్ మీద 48 వోల్టులు, లోపల ఐదే సెల్స్: కార్డ్‌లెస్ డ్రిల్ కొనే ముందు ఇవి చూడండి

ఇంట్లో ఎవరు ఫోన్ కొనాలన్నా మనల్నే అడుగుతారు కదా. ఘట్‌కేసర్‌లో కార్పెంటర్ పని చేసే మా చిన్నాన్న పోయినేడాది బ్యాటరీ డ్రిల్ గురించి అడిగాడు. ఫోన్‌కి చెప్పినట్టే స్పెక్స్ చూసి చెప్పేశా. ఆన్‌లైన్‌లో ‘48 వోల్ట్’ అని రాసున్న ఓ కిట్, మంచి రేటింగ్, తక్కువ రేటు. ఆర్డర్ పెట్టింది కూడా నేనే.

అన్నోజిగూడ వైపు కొత్త అపార్ట్‌మెంట్‌లో మాడ్యులర్ కిచెన్ పని. ఫ్లాట్‌కి ఇంకా కరెంట్ మీటర్ రాలేదు, అందుకే కార్డ్‌లెస్. మూడో రోజు మధ్యాహ్నానికి డ్రిల్ వేడెక్కి ఆగిపోయింది. "నీ ఫోన్ ఆగితే రేపు చూసుకుంటవ్. ఇది ఆగితే నాకు, హెల్పర్‌కి ఇయ్యాల్టి కూలి పోయినట్టే రా" అన్నాడు చిన్నాన్న. నా దగ్గర సమాధానం లేదు.

ఆ బ్యాటరీని ఫుల్ చార్జ్ చేసి మల్టీమీటర్ పెట్టా. 20 వోల్టులు! లిథియం అయాన్ సెల్ నామినల్ వోల్టేజ్ 3.6, ఫుల్ చార్జ్‌లో 4.2. ఐదు సెల్స్ వరుసగా కలిపితే 18 వోల్టులు, అప్పుడే చార్జ్ చేస్తే 20 దాటుతుంది. అంటే ‘18 వోల్ట్’, ‘20 వోల్ట్ మ్యాక్స్’ రెండూ ఒకటే. నిజంగా 48 కావాలంటే 13 సెల్స్ పట్టాలి!

వాట్ అవర్లు లెక్కేయండి

వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే అసలు శక్తి తెలుస్తుంది. 18 వోల్ట్, 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 36 వాట్ అవర్లు. ‘12 వోల్ట్ మ్యాక్స్’ రకంలో మూడే సెల్స్, నామినల్ 10.8 వోల్టులు, కాబట్టి అదే 2 ఆంపియర్ అవర్‌కి సుమారు 22. మన 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో దాదాపు 19 ఉంటుంది. రోజూ వాడే పనికి 18 వోల్ట్ ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది.

టార్క్‌కి రెండు అంకెలు

బాక్స్ మీద పెద్దగా వేసేది ‘హార్డ్’ టార్క్. చెక్కలో స్క్రూ బిగించడానికి దగ్గరగా ఉండేది ‘సాఫ్ట్’ టార్క్. ఉదాహరణకు బాష్ జీఎస్‌బీ 18వి-50లో హార్డ్ 50 న్యూటన్ మీటర్లు, సాఫ్ట్ 28. కార్పెంటర్ పోల్చుకోవాల్సింది రెండో అంకెని. మోటార్ బ్రష్‌లెస్ అయితే కార్బన్ బ్రష్‌లు అరిగే గొడవ ఉండదు, ఒకే చార్జ్‌కి ఎక్కువ పని అవుతుంది.

గోడ ఏంటో అడగండి

కొత్త ఫ్లాట్లలో చాలా గోడలు తేలికైన ఏఏసీ బ్లాకులే. వాటికి మామూలు డ్రిల్ చాలు. ఇటుక గోడకి ఇంపాక్ట్ మోడ్ కావాలి. ఆర్‌సీసీ బీమ్, పిల్లర్ వచ్చాయంటే ఇంపాక్ట్ డ్రిల్ కూడా తంటాలు పడుతుంది. లోపల పిస్టన్‌తో కొట్టే ఎస్‌డీఎస్ హ్యామర్ మిషన్ ఉండాలి. బాష్ మోడల్ పేరులోనే తేడా కనిపిస్తుంది: జీఎస్‌ఆర్ అంటే ఇంపాక్ట్ లేనిది, జీఎస్‌బీ ఉన్నది, జీబీహెచ్ హ్యామర్. మకితాలో ఇవే డీడీఎఫ్, డీహెచ్‌పీ, డీహెచ్‌ఆర్.

చివరికి ఏం తీసుకున్నాం?

ఈసారి ఆన్‌లైన్ వద్దనుకుని ఉప్పల్‌లో షాపుకి వెళ్లాం. పై క్యాబినెట్లకి చెయ్యి ఎత్తి పనిచేయాలి కాబట్టి చిన్నాన్న ఒక్కో డ్రిల్‌నీ తల పైకి ఎత్తి పట్టుకుని చూశాడు. అలా పట్టుకుంటే ఎంత బరువో ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. దగ్గర్లో సర్వీస్ దొరికే కంపెనీది, 18 వోల్ట్ బ్రష్‌లెస్, రెండు బ్యాటరీలతో తీసుకున్నాం. 4 ఆంపియర్ అవర్ది ఒకటి కంటే 2 ఆంపియర్ అవర్వి రెండు మేలు. కింద వాచ్‌మన్ గదిలో ఒకటి చార్జ్ అవుతుంటే రెండోది పైన పనిచేస్తుంది. ఆర్‌సీసీకి తోటి ఎలక్ట్రీషియన్ హ్యామర్ మిషన్ ఉండనే ఉంది.

రేపు మిమ్మల్ని కూడా ఎవరైనా డ్రిల్ గురించి అడగొచ్చు. లింక్ పంపే ముందు రెండే ప్రశ్నలు వేయండి: ఏ గోడ? చార్జింగ్ ఎక్కడ? నేను అవి అడగనందుకు ఇద్దరి కూలి పోయింది.