వెన్నుకు వంపులే బలం

"నడుము నిటారుగా పెట్టి కూర్చో" అని పెద్దలు చెబుతుంటారు. మంచి మాటే. కాని వెన్నెముక కట్టెలాగా నిటారుగా ఉండదు. మనిషిని పక్కనుండి చూస్తే అందులో నాలుగు వంపులు కనబడతాయి. మెడ, నడుము దగ్గర లోపలికి, వీపు, పిరుదుల దగ్గర బయటికి వంగి ఉంటుంది. ఇవి జబ్బు కాదు. ఇవే మన బలం.

వంపులు ఎలా వస్తాయి?

కడుపులోని బిడ్డ వెన్ను ఒకే విల్లులా వంగి ఉంటుంది. పుట్టిన 3, 4 నెలలకు బిడ్డ తల నిలబెట్టేటప్పుడు మెడ వంపు, కూర్చుని, నిలబడి, నడిచేటప్పుడు నడుము వంపు ఏర్పడతాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు ఉంటాయి. వాటి మధ్య మెత్తని డిస్కులు ఉంటాయి. నడిచినా, బరువు ఎత్తినా ఆ అదురును వంపులు, డిస్కులు కలిసి స్ప్రింగులాగా తట్టుకుంటాయి.

మన పనులు, మన నడుము

గుమ్మఘట్ట ప్రాంతంలో శనక్కాయ చేలో కలుపు తీయాలన్నా, కాయలు పెరకాలన్నా గంటల తరబడి వంగాల్సిందే. అలా వంగినప్పుడు నడుము వంపు పోయి, డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960లలో ఈ ఒత్తిడిని కొలిచారు. నిలబడినప్పుడు అది 100 అనుకుంటే, ముందుకు వంగినప్పుడు సుమారు 150, బరువుతో వంగినప్పుడు 200 దాటింది.

పని మానుకోమని మేము చెప్పడం లేదు. చేసే తీరు మార్చుకుందాం.

- అరగంటకు ఒకసారి లేచి, నడుము మీద చేతులు పెట్టి, నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. వీలైతే కూర్చుని, స్థలం మార్చుకుంటూ పని చేయండి.
- నీళ్ళ బిందె, మూట ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచండి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఎత్తుతూ పక్కకు తిరగవద్దు.
- 15 లీటర్ల బిందె అంటే 15 కిలోల పైమాటే. ఎప్పుడూ ఒకే చంకన మోయక, మధ్యలో వైపు మార్చండి. చిన్న బిందెలతో రెండుసార్లు తెచ్చుకోవడం మేలు.
- కుంగిపోయిన నులక మంచం మీద పడుకోవద్దు. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి.
- పిల్లల బడి సంచి వారి బరువులో పదో వంతు మించకూడదు. రెండు భుజాలకూ తగిలించాలి.
- మామూలు నడుము నొప్పికి రోజుల తరబడి మంచం పట్టవద్దు. ఓర్చుకోగలిగినంత నడవండి.

నీటి సంగతి

అనంతపురం జిల్లాలో చాలా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, 1.5 దాటకూడదు. ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, వాటిని కట్టి ఉంచే నరాల వంటి పట్టీలు గట్టిపడతాయి. మెడ తిరగదు, నడుము వంగదు, చివరికి గూని రావచ్చు. ఇది వయసు వల్ల వచ్చిందని చాలామంది ఊరుకుంటారు. ఒకసారి గట్టిపడిన వెన్ను మళ్ళీ మామూలు కావడం కష్టం, కాబట్టి ముందు జాగ్రత్తే మందు. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ద్వారా పరీక్ష చేయించండి. ఎక్కువ ఉందని తేలితే తాగడానికి, వంటకు వేరే నీళ్ళు వాడండి. రాగులు, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ తినండి.

వెంటనే ఆసుపత్రికి రావలసినప్పుడు

- కాలు బలహీనపడినా, తిమ్మిరి పెరుగుతున్నా
- మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా
- సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి, వీపు మీద ఒకచోట ఎముక పొడుచుకు రావడం ఉన్నా. ఇది వెన్నెముక క్షయ కావచ్చు. దీనికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు ఇస్తారు.
- చెట్టు మీదనుండో, మిద్దె మీదనుండో పడి నొప్పి వచ్చినా. అలా పడినవారిని చేతులు, కాళ్ళు పట్టి ఎత్తకండి. వెడల్పాటి చెక్క మీద పడుకోబెట్టి తీసుకురండి.

పదేళ్ళు దాటిన ఆడపిల్లలను ఒకసారి ముందుకు వంగమని వెనకనుండి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే డాక్టరుకు చూపించండి. చిన్న వయసులో కనుక్కుంటే ఆ వంకర పెరగకుండా ఆపే అవకాశం ఎక్కువ.

ఇంటిల్లిపాదీ బరువూ మోసే నడుము అది. నొప్పి ముదిరేదాకా ఆగకుండా ఈ రోజే దాని సంగతి చూసుకోండి.