ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?

వానాకాలంలో మా మండపేటలో పెరటి గోడలు చెమరుస్తాయి. నూతి దగ్గర మోటారు స్విచ్చిని తడి చేత్తోనే వేసేస్తుంటాం. "ఫ్యూజుందిగా మాస్టారూ!" అంటారు పిల్లలు. ఒక చిన్న లెక్క చేద్దాం.

తడిసిన శరీరపు నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు అనుకోండి. ఇంటి వోల్టేజి 230. ఓమ్ నియమం ప్రకారం ఒంట్లో ప్రవహించే విద్యుత్తు 0.23 ఆంపియరు. 5 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కరగదు. కాని గుండె లయ తప్పడానికి ఇందులో సగం చాలు! ఫ్యూజు కాపాడేది తీగను, మనల్ని కాదు.

మనల్ని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే పరికరం. ఫేజు తీగలో వెళ్ళిన విద్యుత్తంతా న్యూట్రల్ తీగలో తిరిగి రావాలి. కొంత మన ఒంటి గుండా నేలలోకి పోతే లెక్క తప్పుతుంది. ఇళ్ళలో వాడే రకం, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. అయితే ఒక చేత్తో ఫేజును, రెండో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే అదీ కాపాడలేదు. ఎందుకో ఆలోచించండి: లెక్క సరిపోతుంది కదా!

మీ మెయిన్ బోర్డులో 'టెస్ట్' బటన్ ఉందేమో చూడండి. పెద్దలచేత నొక్కించండి. కరెంటు పోవాలి. పోలేదా? వెంటనే ఎలక్ట్రీషియన్ని పిలిపించండి. అసలా పరికరమే లేదా? ఇంట్లో ఈ లెక్క చేసి చూపించండి.