గుర్రం వెన్నులో కవాటాల్లేని సిరలు

కాళ్లలోని సిరల్లో రక్తం వెనక్కి జారకుండా కవాటాలు అడ్డుపడతాయి. గుర్రం వెన్నెముక లోపలి సిరలకు ఆ కాపలా లేదు. పూసల మధ్య సాగే కాలువలో, వెన్నుపాము కింద రెండు సిరలు పక్కపక్కనే తల నుంచి తోక వైపు వెళతాయి. మధ్యమధ్య అడ్డంగా కలుస్తూ నిచ్చెనలా కనిపిస్తాయి. పూసల సందుల్లోంచి వచ్చే చిన్న సిరలు వీటిని బయటి సిరలతో కలుపుతాయి. ఒత్తిడి ఎటు తక్కువైతే రక్తం అటే పారుతుంది, ఆటుపోట్లను బట్టి దిక్కు మార్చుకునే ఉప్పుటేరులా. మనిషిలోనూ ఇలాంటి అల్లికే ఉంది. క్యాన్సర్ కణాలు దీనిగుండా వెన్నెముకకు చేరగలవని 1940లో ఆస్కర్ బాట్సన్ వివరించారు.

గుర్రానికి చిక్కు ఆపరేషన్ బల్ల మీద వస్తుంది. అర టన్ను బరువుండే జంతువును మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెడితే, బరువైన పేగులు వెన్నెముకను ఆనుకుని గుండె వైపు వెళ్లే బృహత్సిరను నొక్కుతాయి. దారి ఇరుకై రక్తం వెన్నులోని సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బితే వెన్నుపాము నుంచి రక్తం బయటికి రావడం కష్టం. ఆపరేషన్ సవ్యంగా జరిగినా, మత్తు దిగాక కొన్ని గుర్రాలు వెనక కాళ్ల మీద లేవలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చని పశువైద్యులు అనుమానిస్తారు. ఎక్కువగా లేత వయసు బరువైన గుర్రాల్లో కనిపించే ఈ స్థితి చాలా అరుదే. వస్తే మాత్రం కోలుకునే ఆశ తక్కువ. పేగు మెలిపడినప్పుడు వెల్లకిలా పడుకోబెట్టక తప్పదు. అందుకే మత్తు వైద్యులు రక్తపోటును పడిపోనివ్వరు, ఆపరేషన్ త్వరగా ముగించమంటారు.