నూతిగట్టు పాచి

వానలు పట్టఁగానే మన పెరటి నూతిగట్టును, తులసికోట నీడవైపును, స్నానపుగది గుమ్మమును పచ్చఁబడును. ఆ పాచిపైఁ గాలుజాఱి మంచము పట్టిన ముదుసలులను మన మందఱము నెఱుఁగుదుము. అది యెట్లు బ్రదుకుచున్నదో తెలిసినచో దానిని వదలించుకొను మార్గమును తెలియఁగలదు.

పాచి చెఱువులోని నాచునకుఁ జుట్టము. దీనికి వేళ్లు లేవు. నేలలోని నీటిని తోడుకొనఁజాలదు. వాననీరు, మంచు, గాలిలోని చెమ్మ, ఇవియే దాని దాహము తీర్చును. తడిగా నున్నంతసేపు సూర్యకాంతి సాయమున బొగ్గుపులుసు గాలిని గ్రహించి తన యాహారమును తానే వండుకొనును. దీనినే కిరణజన్య సంయోగక్రియ యందురు. తడి యాఱఁగానే యీ వంట నిలిచిపోవును. అది చావు గాదు, నిద్ర. 87 సంవత్సరములు వృక్షసంగ్రహమున నెండియున్న నాస్టాక్ అను నీలిపచ్చ నాచును తడిపి మరల మొలిపించితినని లిప్మన్ అను శాస్త్రజ్ఞుఁడు 1941లో ప్రకటించెను.

అన్ని నాచుల దాహము నొక్కరీతి గాదు. మనము మసాలాలో వేయు రాతిపువ్వు శిలీంధ్రమును నాచును గలసి చేయు కాఁపురము. అట్టివానిని పరీక్షించి 1986లో లాంగే మొదలగు జర్మను శాస్త్రజ్ఞులు, పచ్చనాచు గలవానికి గాలిలోని చెమ్మయే చాలుననియు, నీలిపచ్చ నాచు గలవానికి నీరే తగులవలె ననియుఁ జూపిరి. తడి మితిమీఱినను చేటే. బొగ్గుపులుసు గాలి నీటిలో, గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. కావున నీరు దట్టముగాఁ గప్పినచో వంట మందగించును.

వెలుఁగు సంగతియు నిట్టిదే. చీఁకటిలో వంట సాగదు. తీవ్రమగు నెండలోఁ బత్రహరితపు పొయ్యియే చెడును. అందుచేతనే కొన్ని నాచులు గొడుగు పట్టును. ట్రెంటెపోలియా యనునది పచ్చనాచు జాతిదే యైనను, క్యారెట్టులోని రంగు వంటిదానితోఁ దన్ను గప్పుకొని గోడలపై నారింజవన్నెతో నగపడును.

కావున సోదరీమణులారా, వేసవిలోఁ బాచి నల్లబడి యెండినది గదా యని యూరకుండరాదు. తొలివానకే మేలుకొనును. ముందుగానే గట్టి చీపురుతో గోకి, యెత్తి దూరముగాఁ బాఱవేయింపుఁడు. గోడలకుఁ గ్రొత్తసున్నము వేయింపుఁడు. గట్టునకు వాలు పెట్టించి, యెండ తగులునట్లు కొమ్మలు కొట్టింపుఁడు. నీరు నిలువనిచోటఁ బాచియు నిలువదు.