"ఎందుకు" కంటే ముందు "ఎప్పుడు"

మొన్నామధ్య రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మా చెల్లెలి స్నేహితురాలు, ఇక్కడే అమెరికాలో ఎమ్మెస్ చేస్తోంది. "అక్కా, నువ్వు మైక్రోబయాలజీ చదివావు కదా, ఒకటి అడగనా?" అంటూనే ఏడుపు.

రెండు వారాల కిందట ఒక అబ్బాయితో ముద్దుల వరకు వెళ్లిందట. అంతకు మించి ఏమీ లేదు. నాలుగు రోజులకి గొంతు నొప్పి, కాస్త జ్వరం. నెట్‌లో వెతికితే హెచ్‌ఐవి తొలి లక్షణాలూ అవేనని కనిపించాయి. మందుల షాపులో కిట్ కొని పరీక్ష చేసుకుంది. లేదని వచ్చినా నమ్మకం కుదరలేదు. "అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు అక్కా" అంది.

నేను డాక్టర్ని కాను. డిగ్రీ చదివి ఇల్లు చూసుకుంటున్నదాన్ని. అయినా ఈ పాఠం మర్చిపోలేదు. హెచ్‌ఐవి రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాల ద్వారా అంటుకుంటుంది. ఉమ్మి, చెమట, కన్నీళ్ల ద్వారా అంటుకోదు. ఇద్దరి నోళ్లలోనూ పుండ్లుండి రక్తం కలిస్తే తప్ప ముద్దుతో రాదు, అదీ చాలా అరుదు. గొంతు నొప్పికి మామూలు జలుబు చాలు.

అలాగని ముద్దుతో ఏదీ రాదని కాదు. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ రావచ్చు. నోట్లో పుండు ఉన్నవాళ్ల నుంచి సిఫిలిస్ కూడా రావచ్చు. కొత్తగా పుండు కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి. ఆమెకి అలాంటివేమీ లేవు.

నిజంగా ప్రమాదం ఉన్న సందర్భంలో అయితే మొదట చూడాల్సింది గడియారం. రక్షణ లేకుండా కలిసినా, కండోమ్ చిరిగినా 72 గంటల లోపు ఎమర్జెన్సీకి వెళితే హెచ్‌ఐవి రాకుండా మందులిస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. పరీక్షలకీ సమయం ఉంది. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. ఇంటి కిట్‌కి 90 రోజుల దాకా పట్టవచ్చు. అంతకు ముందే రోజుకో కిట్ వాడితే డబ్బూ నిద్రా రెండూ పోతాయి. క్లమిడియా ఆడవాళ్లలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు, కాబట్టి దానికీ పరీక్ష అడగాలి.

ఇంకో మాట. ఇన్సూరెన్స్ భర్త పేరునో తండ్రి పేరునో ఉంటే ఖర్చుల కాగితం వాళ్ల చేతికి వెళ్లే అవకాశం ఉంది. అది ఇష్టం లేనివాళ్లు కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ క్లినిక్‌ని అడగవచ్చు. చాలా చోట్ల తక్కువ ఖర్చుకో ఉచితంగానో చేస్తారు. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లు ఉచితం.

ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. ఆ అమ్మాయిని నిద్ర పోనివ్వనిది వైరస్ కాదు, తప్పు చేశానన్న బాధ. తప్పుకి శిక్షగా రోగం వస్తుందని మనమే ఎక్కడో నేర్పాం. వైరస్‌కి మన తప్పొప్పులు తెలియవు, దారి ఉంటేనే వస్తుంది.

రేపు మన ఇంటి పిల్లే ఇలా ఫోన్ చేయవచ్చు. "ఎందుకు చేశావు" అని తర్వాతైనా అడగొచ్చు. ముందు "ఎప్పుడు జరిగింది, ఏం జరిగింది" అని అడుగుదాం. ఆ 72 గంటలు మన కోపం చల్లారేదాకా ఆగవు.