గుడారము ఎచ్చట వేసికొందుము?



పొలము కొనునపుడు మనము నేలను, నీటి వసతిని, సరిహద్దు రైతును గూర్చి విచారింతుము. పిల్లనిచ్చునపుడు ఆ యింటివారి నడవడిని నలుగురి నడిగి తెలిసికొందుము. ఆత్మక్షేమము మాటకు వచ్చునప్పటికి మాత్రము, ఎచ్చట నుండిన నేమి, ఎవరితో కూర్చుండిన నేమి, భక్తి మన హృదయములోనే యున్నది గదా యని యూరకుందుము. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో నేడు విచారింతము.

ఆదికాండము 13వ అధ్యాయములో అబ్రాము, అతని సహోదరుని కుమారుడైన లోతు వేరుపడిన వృత్తాంతము కలదు. పశువుల కాపరులకు కలహము పుట్టగా, పెద్దవాడైన అబ్రాము స్థలము కోరుకొను హక్కును చిన్నవానికే విడిచెను. లోతు యొర్దాను ప్రాంతమును జూచెను. అది నీరు పారు దేశము. మేతకు కొదువ లేదు. అంతవరకే అతడు చూచెను. పొరుగువా రెట్టివారని విచారించినట్లు కనబడదు. మొదట సొదొమ దగ్గర గుడారము వేసికొనెను. 14వ అధ్యాయము నాటికి ఆ పట్టణములోనే కాపురము. 19వ అధ్యాయము నాటికి పట్టణపు గవినియొద్ద కూర్చుండియున్నాడు. ఆ కాలపు గవిని మన గ్రామచావడి వంటిది. పెద్దలు కూడి తగవులు తీర్చు తావు. ఇదంతయు ఒక్క దినమున జరిగినది కాదు; అడుగు వెంట అడుగుగా జరిగినది.

లోతు దుష్టుడు కాడు. పేతురు తన రెండవ పత్రికలో అతనిని నీతిమంతుడనియే పేర్కొని, ఆ యూరివారి క్రియలకు అతడు దినదినము నొచ్చుకొనెనని వ్రాసెను. అయినను నాశనము ముంచుకొని వచ్చిన రాత్రి అతడు అల్లుండ్రను హెచ్చరింపగా, వారికది పరిహాసముగా తోచెను. తండ్రి మనస్సు నొప్పించిన పరిసరము ఇంటివారికి అలవాటైపోయెను. పెద్దవాడు నేడు కోరుకొన్నది రేపు పిల్లలు పెరుగు పరిసర మగును. మనము ముఖ్యముగా గ్రహింపవలసిన దిదియే.

అట్లైన, చెడ్డ తావున చిక్కుకొన్నవానికి గతి లేదా? కలదు. దానియేలు బబులోనును కోరి పోలేదు, చెరగొని పోబడెను. ఊరిని ఎంచుకొను స్వాతంత్ర్య మతనికి లేదు. కాని రాజు భోజనమును, ద్రాక్షారసమును మాని, శాకధాన్యములతో, నీళ్లతో 10 దినములు పరీక్షింపుమని వేడెను. ముగ్గురు స్నేహితు లతనితో నిలిచిరి. ముసలితనమున, రాజశాసనము అడ్డుపడినను, యెరూషలేము తట్టునకు తెరచిన కిటికీయొద్ద దినమునకు ముమ్మారు ప్రార్థించుట మానలేదు. ఊరు అతని చేతిలో లేదు. భోజనపు బల్ల, స్నేహము, కిటికీ అతని చేతిలో నుండెను.

మన తెలుగు గ్రామములలో ఈ సంగతిని చక్కగా గ్రహించి పనిచేసినవారు దోర్నకలు బిషప్పు అజరయ్యగారు. 1912లో బిషప్పుగా అభిషేకము పొంది, 1945లో పరమపదించువరకు గ్రామసంఘములను పోషించిరి. మురికి, రోగము, అప్పు, మద్యము అను నాలుగు దయ్యములతో వారు పోరాడిరి. బిషప్పునకు అప్పులతో నేమి పని యని యెవరైన ననవచ్చును. పెండ్లికి శక్తికి మించి అప్పు చేసినవానిని ఆదివారమున షావుకారు పనికి పిలిచిన, కాదనుట కతనికి నోరు రాదు. అప్పు పత్రముమీద వ్రేలిముద్ర వేసిన నాడే అతని యారాధన దినము పరుల సొత్తైనది. సాయంకాలము కల్లుపాక త్రోవ పట్టినవాని యింట దీపము ముందర వాక్యము చదువువా రుండరు.

గ్రామపెద్దలారా, మీ అరుగుమీద జరుగు సంభాషణ, మీ యింటి పెండ్లి ఖర్చు, పొద్దు గ్రుంకిన తరువాత మీరు నడచు త్రోవ, ఇవి మీ సొంత విషయములు మాత్రమే కావు. మీ వెనుక వచ్చు పిల్లల కివియే ఊరు, ఇవియే గాలి. ఈ రాత్రి పండుకొనుటకు ముందు, మన గుడారము ఏ యూరి దగ్గర నున్నదో, నిరుటికంటె ఎంత దగ్గరకు జరిగినదో, ఒక్కమారు చూచుకొందము. దూరముగా జరుపవలసియుండిన, మేకులు మన చేతిలోనే యున్నవి.