అమ్మమ్మ కాళ్ళు, పులి-మేక ఆట

రెండేళ్ళ క్రితం మా అమ్మ మెల్‌బోర్న్ వచ్చింది. పగలంతా హుషారుగానే ఉండేది. రాత్రి భోజనమయ్యి సోఫాలో కూర్చుందంటే చాలు, "కాళ్ళు పీకుతున్నాయిరా, లోపల చీమలు పాకుతున్నట్టుంది" అంటూ లేచి హాల్లో అటూ ఇటూ తిరిగేది. తిరిగితే హాయి, కూర్చుంటే మళ్ళీ మొదలు. పక్కమీద వాలితే మరీనూ. వయసు వల్లేనని ఆవిడ, ఇక్కడి చలి వల్లేనని మేము అనుకుని చాలా రోజులు ఊరుకున్నాం.

దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారని జీపీ దగ్గరికి వెళ్ళాక తెలిసింది. కొత్త జబ్బేమీ కాదు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు 1672లోనే దీని గురించి రాశాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బమ్ వివరంగా పరిశీలించి ఈ పేరు పెట్టాడు. కూర్చున్నచోట కాళ్ళు ఊపే అలవాటు వేరు, ఇది వేరు. ఇందులో కాలు కదపకుండా ఉండలేరు. సాయంత్రం నుంచి ఎక్కువవుతుంది. పిల్లలకూ రావచ్చు. "కాళ్ళు ఊపితే దరిద్రం" అని మందలించే ముందు, కాళ్ళలో ఎలా ఉందో ఒకసారి వాళ్ళనే అడగండి.

ఒళ్ళు ఊరికే ఉన్నప్పుడే ఈ బాధ పైకొస్తుంది. అప్పుడు మనసుకు గట్టి పని పెడితే చాలామందికి కాసేపు తెరిపి ఇస్తుంది. టీవీ ఆ పనికి చాలదు. అమ్మ సీరియల్ చూస్తూనే కాళ్ళు పిసుక్కునేది! మా అబ్బాయి మొదట వైకుంఠపాళి తెచ్చాడు. అందులో అంతా పందెం పడటమేగా, బుర్రకు పనేముంది? తర్వాత అట్ట మీద గీతలు గీసి, చింతగింజలు పెట్టి పులి-మేక మొదలుపెట్టారు. మేకను ఎటు జరపాలా అని ఆలోచిస్తూ అమ్మ ముప్పావు గంట కదలకుండా కూర్చుంది. గళ్ళనుడికట్టు, పొడుపు కథలు, అల్లికలు ఏవైనా సరే, ఇష్టమైనవీ కాస్త కష్టమైనవీ అయితే చాలు. పిల్లలూ, గుణింతాన్ని చివరి నుంచి మొదటికి చెప్పి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది!

అయితే ఆట మందు కాదు. ఒంట్లో ఇనుము తగ్గినా ఈ బాధ వస్తుంది. అందుకే డాక్టరు ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. అమ్మకు అది తక్కువగా ఉందని మాత్రలిచ్చారు. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మింగకూడదు. భోజనంతోపాటు టీ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. సాయంత్రం కాఫీ కొందరికి బాధ పెంచుతుంది. నిద్రమత్తు తెచ్చే కొన్ని జలుబు మాత్రలూ అంతే. గర్భిణులకూ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

అమ్మకు అసలు భయం తిరుగు ప్రయాణం గురించే. సింగపూర్ దాకానే దాదాపు ఎనిమిది గంటలు, ఆ తర్వాత హైదరాబాదుకు ఇంకో నాలుగు పైన. స్కూలు సెలవులని మా అబ్బాయి కూడా వెంట వెళ్ళాడు. లేచి నడవడానికి వీలుగా అమ్మకు నడవ పక్క సీటు తీసుకున్నాం. చింతగింజలు కస్టమ్స్‌లో ఆపుతారేమోనని మావాడు షర్టు గుండీలు పోగేసుకున్నాడు. సింగపూర్‌లో దిగేసరికి అమ్మమ్మ ఏడు ఆటలు గెలిచింది, మనవడు నాలుగు. ఆ ఏడులో ఒకటి తనదేనని మావాడు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు.